ఇరవై గంపల ఎద్దు

మద్దిచెట్ల అడవిలో కార్తీక మాసం మొదలుకొని ఫాల్గుణం వెళ్లేదాకా ఎవరూ వేట గురించి మాట్లాడరు, వాన గురించి మాట్లాడరు. బుట్టబంతి గురించే మాట్లాడతారు. అడవి అంచున ఉన్న బడిలో పిల్లలు పోగొట్టుకున్న బంతి ఒకటి ఎప్పుడో కాలువ వెంట కొట్టుకువచ్చింది. మనుషులు ఆ ఆటను బాస్కెట్‌బాల్ అంటారని ఆ బడి కిటికీలో గూడు పెట్టిన పిచ్చుక చెప్పింది. ఆట తీరు కూడా అదే చూసివచ్చి వివరించింది: చెట్టుకు ఎత్తుగా కట్టిన అడుగులేని బుట్టలో బంతి వేయాలి, ఒక్కో వైపు ఐదుగురు ఉండాలి, ఐదు తప్పులు చేసినవాడు బయటకు నడవాలి. అంతవరకు ఆట ఆటగానే ఉంది. ఆడినవాడికి గంపెడు మేత జీతంగా ఇవ్వవచ్చునని మొదట ఎవరికి తోచిందో తెలియదు గాని, ఆ రోజు నుంచి అడవిలో కొత్త విద్య ఒకటి పుట్టింది: తనకు ఆడటం రాకపోయినా ఆడేవాళ్లను కొనడం.

కొనడం మొదలయ్యాక జరగవలసిందే జరిగింది. మామిడితోపు జట్టుకు ఏడాది పొడవునా మేతకు లోటు లేదు. ఎగరగలిగిన ప్రతి జంతువూ, గురి తప్పని ప్రతి కోతీ ఆ తోపులోనే చేరాయి. వరుసగా ఏడేళ్లు వాళ్లే గెలిచారు. ఎనిమిదో ఏడు ఆట చూడటానికి వచ్చిన పావురాలు సగంలోనే లేచిపోయాయి. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన ఆట చూడటం కన్నా నెమరు వేయడం నయమని గేదెలు అన్నాయి. నెమరు సంగతి వాటికి బాగా తెలుసు కనుక ఆ మాటకు విలువ దక్కింది.

అప్పుడు ఆటల పెద్ద అయిన ఏనుగు రత్తమ్మగారు తొండంతో సూదిరాయి పట్టి ఒక నున్నటి బండ మీద మూడు నియమాలు చెక్కారు. మొదటిది, ఏ జట్టూ తన ఆటగాళ్లందరికీ కలిపి ఏడాదికి నూరు గంపలకు మించి మేత ఇవ్వరాదు. రెండోది, జట్లు ఆటగాళ్లను మార్చుకోవచ్చు గాని, వెళ్లేవాడి జీతమూ వచ్చేవాడి జీతమూ సమానంగా ఉండాలి. లేకపోతే మార్పిడి పేరుతో మళ్లీ కొనుగోలే నడుస్తుంది. మూడోది, పదేళ్లకు పైగా ఆడిన పెద్దవాడు ఏడాదిలోని ముప్పై ఆటల్లో సగానికి మించి ఆడితే, ఒప్పందం ముగిసినా సరే, అతడు కోరుకుంటే మరో ఏడాది అదే జీతానికి ఉంచుకోవాలి. ముసలివాళ్ల చేత ఏడాదంతా ఆడించుకొని, ఎండలు ముదరగానే గెంటివేసే అలవాటు కొన్ని జట్లకు ఉండేది. ఆ మూడో నియమం వాళ్లను ఉద్దేశించి చెక్కినది.

నియమం ఎందుకు పుట్టిందో తెలిసినవాడు దాన్ని గౌరవిస్తాడు. దాని కొలత మాత్రమే తెలిసినవాడు సందు వెతుకుతాడు. గుట్ట జట్టును నడిపే నక్క పానకాలు రెండో కోవకు చెందినవాడు. అతడు తన జీవితంలో బంతిని ఒక్కసారే ముట్టుకున్నాడు; అది ముక్కుకు తగిలి వారం రోజులు వాచింది. అప్పటి నుంచి అతడి ఆట అంతా ఆ బండ దగ్గరే. పొద్దున్నే వెళ్లి మూడు నియమాలనూ వేలితో తడుముతూ కూర్చొనేవాడు. ఆ చూపు ఎంతగా అలవాటైందంటే, ఎదురుగా దుప్పి వస్తూంటే అతడికి కొమ్ములు కనిపించేవి కావు. పద్నాలుగు గంపలు నడిచివస్తున్నట్టు కనిపించేది. ఆటల కాలంలో సొంత జట్టువాళ్లను తినరాదన్నది ఆ అడవిలో చెక్కకుండానే నడిచే నియమం. అన్నిటిలోకీ అదొక్కటే తనకు కష్టంగా ఉందని పానకాలు తన జట్టు కుందేలుతో తరచు అనేవాడు. కుందేలు చిట్టెమ్మ ఆ మాటకు నవ్వేది గాని, రెండడుగులు అవతల నిలబడి నవ్వేది.

ఆ ఏడాది పానకాలు మనసంతా ఒక్కడి మీదే ఉంది. కృష్ణజింక శేఖరం. ఎగిరితే బుట్టలోకి పైనుంచి తొంగిచూసి, తీరిగ్గా బంతి జారవిడిచి దిగివచ్చేవాడు. మామిడితోపు జట్టుతో అతడి ఒప్పందం ఫాల్గుణంతో ముగుస్తుంది. అలాంటివాడితో ముందుగా మాట్లాడటం మర్యాద కాదు కనుక పానకాలు మాట్లాడలేదు. శేఖరం నీళ్లు తాగే మడుగు దగ్గర నిలబడి, అలాంటివాడు గుట్టకు వస్తే బాగుండునని తనలో తాను గట్టిగా అనుకున్నాడు. శేఖరం కూడా తలెత్తకుండా, నీళ్లకు చెబుతున్నట్టుగా, తాను నలభై గంపలకు తక్కువ రాననీ, అదీ ఆ ఏడు గెలిచిన జట్టుకే వస్తాననీ అన్నాడు.

నలభై గంపలు. పానకాలు గుట్టెక్కి లెక్క వేసుకున్నాడు. కుందేలు, కోతి, ముంగిస, దుప్పి, అడవిపంది, ఈ ఐదుగురికీ కలిపి అరవై. మరొకరికి ఇరవై. ఇంకో ఇరవైతో ఇద్దరు ముగ్గురిని తెచ్చుకోవచ్చు గాని, తెచ్చుకుంటే వాళ్ల ఒప్పందాలు వచ్చే ఏటికి కూడా వేలాడతాయి. ఆ చోటు ఖాళీగా ఉంచాలి. చిక్కంతా ఆరో ఆటగాడితో. అతడు నెమలి. ఇరవై గంపలు తినేవాడు, బంతి చేతికందితే ముందు పురి విప్పేవాడు, తోటివాడికి బంతి ఇవ్వడం తన రంగులకు అవమానమని భావించేవాడు. పైగా అతడి ఒప్పందం మరో మూడేళ్లు ఉంది. అంత మంచి ఒప్పందం రాయించింది పానకాలే. ఆ మాట ఎవరైనా ఎత్తితే విషయం వాతావరణం మీదికి మళ్లించేవాడు.

ఇరవై గంపల నెమలిని వదిలించుకోవాలంటే ఇరవై గంపలవాణ్ణి తెచ్చుకోవాలి. అయితే ఆ వచ్చేవాడి ఒప్పందం ఈ ఏటితో ముగిసిపోవాలి. అప్పుడు ఫాల్గుణం రాగానే ఆ ఇరవై గాలిలో కలుస్తుంది, ఖాళీగా ఉంచిన ఇరవైతో కలిసి నలభై అవుతుంది. అడవి మొత్తంలో అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు: ఏటిగట్టు జట్టులోని ఎద్దు కోటన్న.

ఊళ్లోకి ట్రాక్టరు వచ్చిన ఏడాది కోటన్న అడవిలోకి నడిచివచ్చాడు. ఏటి ఒడ్డున ఆటస్థలం అప్పటికి గుంతలమయం. కొత్తగా వచ్చినవాడు, చేయడానికి వేరే పని తెలియనివాడు, కళ్లంలో తిరిగినట్టే నెల రోజులు ఆ నేల మీద గుండ్రంగా తిరిగాడు. గిట్టల కింద నేల గట్టిపడింది, బంతి లేవడం మొదలుపెట్టింది. పదకొండేళ్లుగా అతడు ఆ నేల మీదే ఆడుతున్నాడు. ఇప్పుడు ముందు కాలు కీలు పట్టేస్తోంది, పరుగు తగ్గింది. ఇంకొక్క ఏడాది ఆడి, తాను తొక్కి చదును చేసిన నేల మీదే ఆట మానుకోవాలన్నది అతడి కోరిక. అంతకు మించి అతడు ఎన్నడూ ఏమీ కోరలేదు. అందువల్లనేమో, అతడికి ఏదైనా కావాలనిపిస్తుందన్న ఊహే ఎవరికీ రాలేదు.

ఏటిగట్టు జట్టును నడిపే కొంగ రాఘవులు చెడ్డవాడు కాదు. నెమలిని చూడటానికి జనం వస్తారని పానకాలు చెబితే నమ్మాడు, అంతే. మార్పిడి సంగతి కోటన్నకు చెప్పేటప్పుడు ఒంటికాలి మీద నిలబడ్డాడు, కాసేపటికి కాలు మార్చాడు, మళ్లీ మొదటి కాలికి వచ్చాడు.

"ఇరవైకి ఇరవై, అన్నా. బండ మీది నియమం ప్రకారం సరిగ్గా సరిపోయింది."

"సరిపోయింది నేనా, గంపలా?" అని అడిగాడు కోటన్న.

రాఘవులు ఏటి వైపు చూసి, ఈసారి చేపలు తక్కువగా ఉన్నాయని అన్నాడు.

ఆ ఏటి ఆటలు మొదలైన రోజే గుట్ట మీద పానకాలు ఎద్దును ఎంతో ఆదరంగా చేర్చుకున్నాడు. పచ్చగడ్డి వేయించాడు, నీడన చోటు చూపించాడు. ఆ నీడ ఆటస్థలానికి కొంచెం దూరంగా ఉందని కోటన్న గమనించాడు. వారం గడిచినా ఎవరూ అతణ్ణి ఆడమని పిలవలేదు. ఎనిమిదో రోజున అతడే నక్క దగ్గరికి వెళ్లాడు.

"పానకాలు గారూ, నన్ను ఎందుకు తెచ్చుకున్నారు?"

"నువ్వు వెళ్లిపోవడానికి."

కోటన్న అర్థం కానట్టు చూశాడు. పానకాలు ఓపికగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టుగా చెప్పాడు. తనకు కావలసింది ఎద్దు కాదు, ఎద్దు వెళ్లాక మిగిలే ఖాళీ. ఆ ఖాళీలో శేఖరం వస్తాడు. కోటన్న చేయవలసినదల్లా తిని, పడుకొని, ఫాల్గుణం దాకా బతికి ఉండటమే. ఇంత సుఖమైన ఉద్యోగం అడవిలో మరెవరికైనా ఉందా అని కూడా అడిగాడు. అందులో ఎగతాళి లేదు. నక్క దృష్టిలో అది నిజంగానే గౌరవం. ఇంత తెలివైన ఏర్పాటులో భాగమైనందుకు ఎద్దు సంతోషిస్తుందనే అతడు అనుకున్నాడు.

కోటన్న నీడకు తిరిగివెళ్లి నెమరు వేయడం మొదలుపెట్టాడు. ఆలోచనలో ఎద్దుకు తొందర ఉండదు. ఒక విషయాన్ని మింగుతుంది, మళ్లీ పైకి తెచ్చుకుంటుంది, ఇంకోసారి నములుతుంది. అందులో పోషకం ఉంటే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

తొమ్మిదో ఆటకు ముందు ముంగిస కాలిలో తుమ్మముల్లు దిగింది. ఆరుగురే ఉన్న జట్టులో ఒకరు కుంటితే మిగిలినవాళ్లు ఐదుగురు. ఆ ఐదోవాడు ఎద్దు. పానకాలు మూడో నియమాన్ని మనసులో తడుముకొని, పదిహేను దాకా ప్రమాదం లేదని తేల్చుకొని కోటన్నను పంపాడు. చెట్టు మొదట్లో గుంత తవ్వి అందులో ఒక గులకరాయి వేశాడు.

కోటన్న పరుగెత్తలేదు, ఎగరలేదు, బుట్ట వైపు చూడనైనా చూడలేదు. ఒకచోటికి నడిచివెళ్లి నిలబడ్డాడు. అంతే. చిట్టెమ్మ బంతి కొట్టుకుంటూ అతడి పక్కటెముకలు రాసుకొనేంత దగ్గరగా దూసుకుపోయింది. ఆమెను తరుముతూ వచ్చిన అడవిపిల్లి నేరుగా ఎద్దు డొక్కకు తగిలి, వచ్చిన దారినే రెండు పల్టీలు కొట్టింది. అలా అడ్డు నిలిచినవాడు కదలకుండా ఉంటే అది తప్పు కాదు; కదిలితే తప్పు. అడవిలో అందరికీ కదలడం వచ్చు. కదలకుండా ఉండటం కోటన్నకు వచ్చినట్టు మరొకరికి రాదు. బుట్ట దగ్గర ఎవరూ లేక చిట్టెమ్మ ఒక క్షణం తడబడింది కూడా. అంత తీరుబడి ఆమెకు జీవితంలో ఎప్పుడూ దొరకలేదు.

"బాబాయ్, ఇన్నాళ్లూ మా ఆట ఇలా ఎందుకు లేదు?" అని ఆ సాయంత్రం అడిగింది.

"ఇన్నాళ్లూ నేను వెళ్లిపోతూ ఉన్నానమ్మా," అన్నాడు కోటన్న.

ఆ ఆట గెలిచారు. తరువాతిదీ గెలిచారు. ముంగిస కాలు నయమైనా కోటన్నను కూర్చోబెట్టడం పానకాలుకు కష్టమైంది. శేఖరం గెలిచిన జట్టుకే వస్తానన్నాడు. గెలవాలంటే ఎద్దు కావాలి. ఎద్దు ఎక్కువ ఆడితే ఇరవై గంపలూ మరో ఏడాది మిగిలిపోతాయి. పానకాలు పగలంతా ఆ గుంత దగ్గరే తచ్చాడేవాడు. బలహీనమైన జట్లతో ఆడేటప్పుడు కోటన్నను నీడలో ఉంచాడు, బలమైనవాళ్లతో ఆడేటప్పుడు బయటకు తీశాడు. ఇరవై తొమ్మిది ఆటలు పూర్తయ్యేసరికి గుంతలో సరిగ్గా పదిహేను రాళ్లు ఉన్నాయి, గుట్ట జట్టు చివరి ఆటకు చేరింది. ఆ రాళ్లను చూసి పానకాలు మురిసిపోయాడు. అడవిలో ఎవరూ ఆడనంత గొప్ప ఆట తాను ఒక్క చెట్టు కిందే కూర్చొని ఆడేశానన్నాడు.

చివరి ఆట ఏటిగట్టులో, ఏటిగట్టు జట్టుతోనే.

కోటన్న ఆ నేల మీద అడుగు పెట్టి ఒకసారి గిట్టతో తట్టి చూశాడు. గట్టిగానే ఉంది. రాఘవులు దూరం నుంచే తల వంచి పలకరించాడు. నెమలి వచ్చాక జనం వచ్చిన మాట నిజమేననీ, వాళ్లంతా అతడు పురి విప్పగానే చూసి వెళ్లిపోతున్నారనీ, ఆలోగా అవతలివాళ్లు బుట్ట వేసేస్తున్నారనీ మెల్లగా చెప్పుకున్నాడు. చివరి ఆట దాకా ఎలా వచ్చారని కోటన్న అడిగితే, రాలిన ఈకలు ఇంకా పూర్తిగా మొలవక చాలా ఆటలకు నెమలే సిగ్గుపడి రాలేదన్నాడు. వచ్చే ఏడు అతణ్ణి ఎవరికైనా ఇచ్చేద్దామంటే, ఇరవై గంపలవాడు ఎవరూ లేరని కూడా అన్నాడు. నూరు గంపలూ నిండిపోయాయి, ఎలుకను తెచ్చుకోవడానికి కూడా చోటు లేదు. కోటన్న అంతా విని, సరే అన్నట్టు చెవి ఆడించాడు.

ఎదురుగా ఉన్న మిట్ట మీద శేఖరం వచ్చి కూర్చున్నాడు. రత్తమ్మగారు తొండంతో బంతి పైకి విసిరారు. పానకాలు వేసిన పథకం ప్రకారం కోటన్న ఆటలోకి దిగకుండా పక్కన కూర్చున్నాడు. ఆట చాలాసేపు సమానంగా సాగింది. ఆఖరి ఘట్టంలో అడవిపంది, దారిలో ఎవరున్నా తొలగిపోతారన్న జీవితకాలపు నమ్మకంతో, ఐదోసారి ఒకరిని గుద్దింది. రత్తమ్మగారు తొండంతో బయటకు దారి చూపించారు. పంది వెళ్లిపోయింది.

గుట్ట జట్టులో నలుగురు మిగిలారు.

ఐదోవాడు లేకపోతే ఆట ఓడినట్టేననీ, తాను తొండంతో పదిసార్లు నేలను కొట్టేలోగా ఎవరినైనా పంపాలనీ రత్తమ్మగారు ప్రకటించారు. ఒకటి కొట్టారు.

మేత మిగల్చడానికి జట్టును ఇంత పలచన చేసుకున్నది తానేనని ఆ క్షణంలో పానకాలుకు తోచిందో లేదో చెప్పలేం. అతడు మాత్రం కోటన్న దగ్గరికి పరుగెత్తాడు.

"లే కోటన్నా."

"ఇది నాకు పదహారో ఆట అవుతుంది, పానకాలు గారూ."

"నాకు లెక్కలు నేర్పకు. లేస్తావా?"

"లేస్తాను. ఒక్క మాట ఉంది. ఏడాది ముగిశాక నన్ను మార్పిడిలో తిరిగి ఏటిగట్టుకే ఇచ్చేస్తానని అమ్మగారి ముందు చెప్పండి."

పానకాలు చెవులు నిక్కాయి. ఎద్దు పదహారో ఆట ఆడి, మరో ఏడాది ఉంటానని కూర్చుంటుందేమోనన్నదే అతడి భయం. ఇప్పుడు ఆ ఎద్దే ఇంటికి పంపమని అడుగుతోంది. ఇంటికి వెళ్లాలనుకునేవాడు ఇంకో ఏడాది ఇక్కడ ఉంటానని ఎందుకు కోరతాడు? కోరకపోతే ఒప్పందం ముగుస్తుంది, జీతం సున్నా అవుతుంది; సున్నాను సున్నాతో మార్చుకుంటే గుట్టకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. నక్క బుర్ర ఇదంతా రెండు తొండం దెబ్బల మధ్య తేల్చేసింది. ఎప్పుడూ మూడుసార్లు తిరగేసి చూసుకునేవాడు, ఈసారి ఒక్కసారే చూశాడు.

"అమ్మగారూ, ఏడాది ముగియగానే కోటన్నను మార్పిడిలో ఏటిగట్టుకు ఇచ్చేస్తున్నాను. మాట తప్పను. మీరే సాక్షి."

రత్తమ్మగారు తొండం గాలిలో ఆపి అతడి వైపు చూశారు. "ఆలోచించుకునే అంటున్నావా, నాయనా?"

"ఆలోచించకుండా నేను ఆవలించనైనా ఆవలించనమ్మగారూ."

"సరే," అని ఆమె అవతలి జట్టుకు కూడా సమ్మతమేనా అని అడిగారు. రాఘవులు రెండు కాళ్ల మీదా నిలబడి సమ్మతమే అన్నాడు. ఎనిమిదో దెబ్బ పడేసరికి కోటన్న ఆటస్థలంలో ఉన్నాడు.

సొంత నేల మీద, సొంతవాళ్లకు ఎదురుగా ఆడటం ఎలాంటిదో అతడి ముఖంలో ఎవరికీ కనిపించలేదు. ఒడ్డున ఉన్న ముసలి బాతు ఒకటి, పదకొండేళ్లు పెట్టిన గడ్డి గుర్తులేదా అని కేక వేసింది. కోటన్న విన్నాడు. విని, నడవవలసిన చోటికి నడిచాడు. మెల్లగా ఆడి ఇంటివాళ్లను గెలిపించవచ్చు. కాని తాను నేర్చిన ఒక్క పనినీ తప్పుగా చేసి తిరిగివెళితే, ఆ నేల తనను గుర్తుపట్టదని అతడికి అనిపించింది. చివరి క్షణంలో చిట్టెమ్మ అతడి పక్కనుంచి దూసుకుపోయింది. ఆమె వెంట వచ్చిన ఇద్దరు ఎద్దు దగ్గరే ఆగిపోయారు. బంతి బుట్టలో పడింది. గుట్ట జట్టు ఒకే ఒక్క బుట్టతో గెలిచి ఆ ఏటి కప్పు అందుకుంది.

మర్నాడు ఉదయం అందరూ బండ దగ్గర చేరారు. పానకాలు శేఖరాన్ని వెంటబెట్టుకొని వచ్చాడు. నలభై గంపల ఒప్పందం చెప్పించడానికి గొంతు సవరించుకుంటూ ఉండగా, కోటన్న ముందుకు వచ్చాడు.

"అమ్మగారూ, పదహారు ఆటలు ఆడాను. మరో ఏడాది అదే జీతానికి ఉండాలని కోరుకుంటున్నాను."

పానకాలు నవ్వాడు. కోటన్నకు వయసు మీద పడిందనీ, ఇంటికి పంపమని నిన్ననే అడిగి ఇవాళ మరిచిపోయాడనీ రత్తమ్మగారికి విన్నవించాడు.

"మరిచిపోలేదు," అన్నాడు కోటన్న. "ఏటిగట్టులో నూరు గంపలూ నిండాయి. సున్నా గంపలవాడిగా వెళితే నాకు అక్కడ చోటే లేదు. ఇరవై గంపల నెమలి లేస్తేనే చోటు వస్తుంది. నెమలి లేవాలంటే నా పేరు మీద ఇరవై ఉండాలి. ఇప్పుడు ఉంది. ఇక మార్పిడి చేయండి."

ఆ మాటలు నక్క లోపలికి వెళ్లడానికి కొంత సమయం పట్టింది. వెళ్లాక అతడి మీసాలు ఒక్కొక్కటే కిందికి వాలాయి. నెమలి తిరిగివస్తుంది. నెమలితో పాటు ఇంకో రెండేళ్ల ఒప్పందం తిరిగివస్తుంది. మిగిలేది ఖాళీగా ఉంచిన ఇరవై మాత్రమే. నియమం దీనికి ఒప్పుకోదేమో చూడమని అతడు రత్తమ్మగారిని కోరాడు. ఆమె బండ మీది రెండో గీతనూ, మూడో గీతనూ తొండంతో నిమిరి, రెండూ ఒప్పుకుంటున్నాయనీ, అతడి మాట అంతకన్నా గట్టిగా ఒప్పుకుందనీ చెప్పారు.

పానకాలు వెంటనే శేఖరం వైపు తిరిగాడు. కప్పు గెలిచామనీ, ఇరవై ఇప్పుడు ఇస్తాననీ, మిగతాది తరువాత చూద్దామనీ మెత్తగా నచ్చజెప్పసాగాడు. శేఖరం వినడం లేదు. అతడు కోటన్నను చూస్తున్నాడు.

"నిన్న మీవాళ్లకు ఎదురుగా కూడా కదలకుండా నిలబడ్డారు," అన్నాడు.

"కదిలితే తప్పు కదా, నాయనా," అన్నాడు కోటన్న. తరువాత కాస్త ఆగి, ఎప్పటినుంచో నములుతున్న చివరి మాట కూడా బయటపెట్టాడు. "నాకు ఇరవై కావలసింది నెమలిని లేపడానికే. తినడానికి ఎనిమిది చాలు. పన్నెండు మిగులుతాయి, నువ్వు వస్తే అవి నీకు. ఏటి ఒడ్డున గడ్డి ఎవరి లెక్కలోనూ లేదు."

"ఇది కుదరదు," అన్నాడు పానకాలు. "అమ్మగారూ, నియమం చూడండి."

"చూశాను. నూటికి మించి ఇవ్వరాదని చెక్కాను. తక్కువ తీసుకోరాదని చెక్కలేదు, నాయనా. అలాంటివాడు వస్తాడని నాకూ తోచలేదు."

రోజూ ఆ బండను తడిమినవాడు పానకాలు. ఎక్కువ ఇవ్వడానికి ఉన్న సందులన్నీ అతడికి తెలుసు. తక్కువ తీసుకోవడానికి తలుపు బార్లా తెరిచి ఉందని మాత్రం అతడు ఎన్నడూ చూడలేదు. అటువైపు చూడవలసిన అవసరం కలగలేదు.

"నేను ఇరవై ఇస్తానంటే పన్నెండుకు వెళ్తావా?" అని శేఖరాన్ని నిలదీశాడు. "నన్ను నలభై అడిగావు."

"అడిగాను. ఆడటానికి పన్నెండు, మీతో వేగడానికి ఇరవై ఎనిమిది," అన్నాడు శేఖరం.

చిట్టెమ్మ ఈసారి రెండడుగులు అవతలికి వెళ్లకుండానే నవ్వింది.

మరుసటి కార్తీకంలో ఏటిగట్టు నేల మీద ఆట మొదలైంది. కోటన్న ఒకచోటికి నడిచివెళ్లి నిలబడ్డాడు. శేఖరం అతడి పక్కనుంచి లేచాడు. ముసలి బాతు ఏదో కేక వేసింది గాని, ఈసారి అందులో తిట్టు లేదు. పావురాలు చివరి దాకా కూర్చున్నాయి. గుట్ట మీద మాత్రం, గెలిచిన కప్పు పక్కన పెట్టుకొని, పానకాలు నెమలి పురి విప్పడాన్ని చూస్తూ ఉన్నాడు. ఒప్పందంలో ఇంకా రెండేళ్లు ఉన్నాయి, నెమలికి ఆ ఏడు ఈకలు దట్టంగా వచ్చాయి.

ఎదుటివాణ్ణి బరువుగా మాత్రమే తూచేవాడు, ఆఖరికి ఆ బరువును తన వీపు మీదే మోస్తాడు.